ముప్పై దినాల గడువు

మైదా జిగురు నేనే కాసిన.
పంచాయతీ గోడకు నోటీసు నేనే అంటించిన.
తెల్లారేసరికి కింది సగం మేక నమిలిపోయింది.
మిగిలిన సగంల సర్కారు ముద్ర,
"గట్ నంబరు నూట పద్నాలుగు, పడీత్ భూమి,
రోడ్డుకు మొరం తీయుటకు యోగ్యం."
మేక తిన్నది గడువును.

నేను ఈ ఊరి కొత్వాల్‌ను, దుర్గం ఓదేలును.
సిరొంచ నుంచి కాగితం మరాఠీల వస్తది,
నా నోట్లకెల్లి తెలుగుల పోతది,
వాగు అవతల గోండిల తేలుతది.
నడుమ ఒక్క మాట జారితే
ఒక గుట్ట పోతది.

అందుకే డప్పు తీసిన, దవండి వేసిన:
"వినుండ్రి! ముప్పై దినాలు!
వద్దంటే వద్దని రాసియ్యాలె,
నోటితోని అంటే చెల్లది!"
నోటితోని చెల్లదన్న సంగతి
ఇంటింటికి నోటితోనే చెప్పొచ్చిన.

పడీత్ అంటే ఉత్తగ పడున్నది.
తాతల కాలంల కొలిచెటోడు వచ్చి
ఎండల గొలుసు గుంజి, నీడ దొరక్క,
ఆ ఒక్క మాట రాసి పోయిండు.
మేం దాన్ని బొక్కలగడ్డ అంటం.
ఎందుకంటమో ఎవ్వలం అడుగలే,
సొంత చెవిని ఎవరన్న తడిమి చూస్తరా?

వానలు వెలిసినంక అక్కడ
మట్టి మోకాలు బయటపెడతది.
తొడంత పొడుగు బొక్క, పట్టుకుంటే రాయి.
రాకాసిదనేది మా అవ్వ.
మా పెరట్ల బట్టలుతికే బండ సుత అక్కడిదే.
దాని నిండ చెట్టు వలయాలు,
నా భార్య రాజవ్వ సబ్బు రుద్దినప్పుడల్ల
నురుగు కింద ఏండ్లు తేలుతుండె.

నాగపూర్ నుంచి ప్రాజక్త అనే పిల్ల వచ్చింది,
చిన్న బ్రష్షుతోని రాయిని దువ్వుకుంట
కోట్ల ఏండ్లు అన్నది.
కోట్లు అంటే మాకు కోర్టులే యాదికొస్తయి.
"కాగితం మీద పేరుంటేనే
చట్టం కాపాడుతది, కాకా" అన్నది.
రాకాసికి సుత ఆధార్ కావాల్నా అని నవ్విన.
ఆమె నవ్వలే.

ఇరవై ఏడో దినం గ్రామసభ.
ఇంజనీరు సాబ్ రికార్డు తెరిచిండు: పడీత్.
సడమేక్ చిన్నుబాయి లేచింది,
కొంగుల ఇప్పపువ్వు మూట అట్లనే ఉంది.
"రోడ్డు నాకొద్దా? నిరుడు వానల
కోడలిని మంచం మీద మోసిన,
పిల్ల దారిలనే పుట్టి దారిలనే పోయింది.
రోడ్డు వెయ్యి. మొరం వేరే కాడ తియ్యి.
నీ రికార్డు నూరేండ్లది.
బొక్క లేకుంట బొక్కలగడ్డ అని
పేరెవడు పెట్టిండో చెప్పు?"

ఇంజనీరు సాబ్ కాగితం తిరగేసిండు.
వెనుకవైపు తెల్లగుంది.

ఠరావు రాసినం. నలభై ఒక్క వేలిముద్రలు,
ఇరవై రెండు సంతకాలు.
తలాఠీ మూడుసార్లు కొట్టేసి రాసిండు,
బొక్కలగడ్డ మరాఠీ అక్షరాలల్ల
కాళ్లు ముడుచుకొని కూసున్నది.

ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది.
మొరానికి వేరే గట్, దూరం నాలుగు కిలోమీటర్లు,
రోడ్డు ఇంకో ఏడాది ఆలస్యం.
చిన్నుబాయి విని ఏమనలే,
మంచం పట్టెలు గట్టిగున్నయా లేవా
ఒక్కసారి ఊపి చూసింది.

ఇంకో వరుస సుత ఉంది జవాబుల:
గడ్డకెల్లి తెచ్చినవన్నీ గడ్డకే చేర్చాలె.
నలుగురం కలిసి మా బండ ఎత్తినం.
నీళ్లు తాగి తాగి అది బరువెక్కింది.
రాజవ్వ ఇప్పుడు సిమెంటు పలక మీద ఉతుకుతది,
నురుగు రాదని తిడతది,
నన్నో, చట్టాన్నో, ఆ చెట్టునో
ఆ తిట్టు ఏ గట్ నంబరుదో తెలుస్తలేదు.

నిన్న కొత్త నోటీసు గోడకెక్కించిన.
"బొక్కలగడ్డ. తవ్వరాదు."
ఈసారి మైదా కాయలే.
నాలుగు మూలల మేకులు కొట్టిన.
మేక వచ్చింది, వాసన చూసింది,
చదివినట్టే కాసేపు నిలబడ్డది.